ఎలకల సారు

చిత్తూరులో మా కాలేజీలో ఇంటర్ పిల్లకాయలకు ప్రాక్టికల్ క్లాసు జరగతా ఉన్నింది. కప్పల వాసన మధ్యలో నిలబడి నేను అరుస్తా ఉంటే ప్యూను వచ్చి, "మేడం, ప్రిన్సిపాలు సారు రూములో మీకు ఫోను, తిరుపతి నుంచంట" అన్నాడు. చేతులు సరిగ్గా కడుక్కోకుండానే పోయినాను. అవతల మా పాత డిపార్టుమెంటు అటెండరన్న గొంతు. "పాపా, మన సారు పోయినారు. పొద్దున కాఫీ గ్లాసు చేతిలో పట్టుకోని అట్టే వాలిపోయినారంట. నువ్వు బిరీన రా" అని, ఇంకేదో చెప్పబోయి ఏడ్చేసినాడు.

ఫోను పెట్టేసినాక నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. సారు రిటైరై రెండేండ్లన్నా కాలేదు. పోయిన నెల నేను జాబు రాస్తే, "ఇప్పుడు తీరికే తీరిక. మీ నాయన్ను పిల్చుకోని రా, చంద్రగిరి కోట చూపిస్తా" అని బదులు రాసిన మనిషి. ఇట్ట చెప్పా పెట్టకుండా పోతారా ఎవరైనా? కోపం దిగినాక ఒకటే దిగులు. ఈ మాట నాయనకు ఎట్ట చెప్పేది?

మీలో శానామందికి మా సారు తెలిసుండరు. పేపర్లో ఫోటో పడే మనిషి కాదు. తిరుపతిలో మా యూనివర్సిటీ జువాలజీ డిపార్టుమెంటులో ప్రొఫెసరు. సారాయి మెదడును ఏం చేస్తాదో ఎలకల మీద చూడడం ఆయన పని. ఎలకలకు వారాల తరబడి కొలత ప్రకారం సారా కలిపిన నీళ్ళు తాపి, ఆమీట వాటి మెదడు తీసి, అందులో ఏది పెరిగింది, ఏది తగ్గింది అని చూసేవాళ్ళం. ఎలక మెదడంటే ఎంత, ఒలిచిన శెనక్కాయంత. వేడికి అది పాడైపోతాది కాబట్టి పనంతా ఐసు మీద జరగాల. తిరుపతి ఎండల్లో ఐసు ఫ్యాక్టరీ నుంచి వరిపొట్టులో చుట్టిన గడ్డను సైకిలు వెనక కట్టుకోని సారే తెచ్చేవారు. పంచె వెనకంతా తడిసిపోయి, దారి పొడుగునా నీళ్ళు కార్చుకుంటా వచ్చే ప్రొఫెసర్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఏ ఎలక ఏదో తెలిసేదానికి వాటి వీపు మీద ఒక పసుపుపచ్చ మందుతో గుర్తులు పెడతారు. ఆ రంగు వేలికి అంటితే తొందరగా పోదు. సారు కుడిచేతి వేళ్ళు ఎప్పుడు చూసినా పచ్చగానే ఉండేవి. పెండ్లిండ్లకు పోతే, "ఏం సారూ, పెండ్లికొడుక్కంటే ముందు మీకే నలుగు పెట్టినట్టుండారే" అని ఎగతాళి చేసేవాళ్ళు. సారు నవ్వేసి ఆ వేళ్ళతోనే పప్పన్నం కలుపుకునేవారు.

ఎలకల రూము తలుపు తీసేముందు ఒకసారి దగ్గేవారు, లోపల పెద్దవాళ్ళెవరో ఉన్నట్టు. ఉన్నట్టుండి తీస్తే అవి బెదురుతాయంట. ఆదివారం రావాల్సొస్తే మేము మూతులు ముడుచుకునేవాళ్ళం. "ఎలకకు ఆదివారం తెలీదమ్మా, ఆకలి తెలుసు" అనేవారు. బ్రహ్మోత్సవాలప్పుడు ఊరంతా జనమైపోయి సైకిలు కూడా దూరని దినాల్లో నడుచుకోని వచ్చి మేత పెట్టిపోయేవారు.

నేను చేరిన కొత్తలో ఒక తిక్కపని చేసినాను. సారా తాగే ఎలకల బోన్లకు అట్టముక్క మీద 'తాగుబోతులు' అని రాసి తగిలించినాను. తోటి పిల్లలంతా విరగబడి నవ్వినారు. సారు వచ్చి చూసి, ఆ అట్ట తీసి నా చేతిలో పెట్టినారు. "అవి తాగలేదమ్మా. మనం తాపినాం" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. ఆ మాట నాకు యాడ తగిలిందో సారుకు తెలీదు, నేను చెప్పలేదు కాబట్టి.

చెప్పనిదేమంటే, మా నాయన తాగేవాడు. కాణిపాకానికి మూడు మైళ్ళలో మా పల్లె. నాయన బెల్లం వండే మనిషి. చెరుకు పాలు పెనంలో ఉడకతా ఉంటే, పాకం ఎప్పుడు దించాలో చూసి చెప్పేవాడే ఆ పనికి పెద్ద. ఉడికే పాకాన్ని గరిటెతో ఇంత తీసి, నీళ్ళల్లో వేసి, వేళ్ళ మధ్య ఉండచేసి చూస్తాడు. ఒక్క నిమిషం ముందైతే బెల్లం గట్టిపడదు, ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడిపోతాది. ఆ వేళ్ళ కోసం మా చుట్టుపక్కల ఊర్లవాళ్ళంతా వచ్చి పిలుచుకోని పోయేవాళ్ళు. పెనం వేడికి రవ్వంత, ఒళ్ళు నొప్పులకు రవ్వంత అని మొదలైన సారాయి, నేను యూనివర్సిటీకి వచ్చేసరికి పొద్దున లేస్తానే గ్లాసు పడితే గానీ వేళ్ళు నిలవని కాడికి వచ్చింది. పిలిచేవాళ్ళు తగ్గిపోయినారు. నేను ఈ పనే ఎందుకు ఎంచుకున్నానని చేరేటప్పుడు సారు అడిగితే, పుస్తకాల్లో మాటలు నాలుగు అప్పజెప్పినాను. సిగ్గు మరి.

రెండో సంవత్సరం మా అవ్వ దినాలకని ఊరికి పోవాల్సొచ్చింది. సారు బెంగళూరులో మీటింగుకు పోయుండారు. బయల్దేరేముందు బోన్ల దగ్గర నిలబడితే ఎందుకో వాటి మీద జాలి పుట్టింది. "నేను లేని రెండు దినాలన్నా మీరు మంచినీళ్ళు తాగండే" అని ఆరు ఎలకలకు సారా సీసాలు తీసేసి ఉత్త నీళ్ళు పెట్టి పోయినాను. అటెండరన్నకు కూడా చెప్పలేదు. పెద్ద పుణ్యం చేసినట్టు బస్సెక్కినాను.

తిరిగొచ్చి తలుపు తీస్తే, నా చేతిలో తాళాల గుత్తి గల్లుమనింది. ఆ శబ్దానికి ఒక ఎలక బోనులో గిర్రున తిరిగి, పక్కకు పడి, కాళ్ళు టపటపా కొట్టుకునింది. మిగతావి వెంట్రుకలు నిక్కబొడుచుకోని మూలల్లో వణకతా ఉండాయి. రెండు అప్పటికే చచ్చిపోయినాయి. నేను నేల మీద కూలబడి, ఆ పూటే బెంగళూరు నుంచి దిగిన సారు వచ్చేదాకా లేవలేదు.

సారు తిట్టలేదు. పక్కన స్టూలు లాక్కోని కూర్చున్నారు. "సారాయి మెదడును అణిచిపెడతాదమ్మా. మెదడు ఊరుకుంటాదా? దినాము అణిచే కొద్దీ అది కూడా ఎదురు తోస్తాది. తలుపును అవతల నుంచి ఒకడు తోస్తా ఉండాడనుకో, నువ్వు ఇవతల బలమంతా పెట్టి ఆనుకోనుండావు. వాడు ఉన్నట్టుండి చేయి తీసేస్తే నువ్వేమైతావు?"

"బోర్లా పడతాను సార్."

"ఇవీ పడినాయి. చేయి మెల్లగా తీసుండాల్సింది" అని, మిగిలిన నాలుగింటికీ కొద్దికొద్దిగా సారా నీళ్ళు పట్టించి, దినదినానికీ తగ్గించుకుంటా వచ్చి బతికించినారు.

మా ల్యాబులో తలుపు పక్కన దారానికి ఒక నోటుబుక్కు వేలాడతా ఉండేది. దాని పేరు తప్పుల పుస్తకం. ఎవరు ఏ తప్పు చేసినా వాళ్ళే అందులో రాసి సంతకం పెట్టాల. మొదటి పేజీ సారుదే. ఏదో మందు బదులు ఇంకేదో పోసి నెల దినాల పని నాశనం చేసుకున్న సంగతి చక్కగా రాసి పెట్టుండారు. నేను కూడా రాసినాను. "జాలిపడి, అడక్కుండా, సారా ఒక్కసారిగా ఆపేసినాను. రెండు ఎలకలు చచ్చిపోయినాయి." రాస్తా ఉంటే కండ్లల్లో నీళ్ళు. సారు అది చదివి, "జాలిపడినందుకు రాయొద్దమ్మా, అడగనందుకు రాయి" అన్నారు. ఆ ఒక్క మాట కొట్టేసినాను.

ఇంత తెలిసిన దాన్ని, ఇంటి సంగతి వచ్చేసరికి ఎట్ట గుడ్డిదాన్నైపోయినానో చూడండి.

మా జిల్లాలో కాణిపాకం వినాయకుడి ముందర ప్రమాణమంటే ఆటలు కాదు. తడి గుడ్డలతో నిలబడి మాటిచ్చి తప్పితే ఆ సామి ఊరుకోడని పిల్లోడికి కూడా తెలుసు. మా అమ్మ, చిన్నాయన కలిసి నాయన్ను ఆడికి పిల్చకపోయి, కోనేట్లో ముంచి, తాగనని ప్రమాణం చేయించినారు. నాకు జాబు రాసినారు. జాబు చదివి నేను హాస్టల్లో అందరికీ మిఠాయి పంచినాను, సందర్భం చెప్పకుండా. ఎలకలు నాకు గుర్తుకే రాలేదు. దేవుడి ముందర మనిషి ఇచ్చిన మాటకూ, ల్యాబులో ఎలక తాగే సీసాకూ ఏం సంబంధం అనుకున్నానో ఏమో.

జాబు వచ్చిన మరుసటి దినం మధ్యాన్నం మా చిన్నాయన వెదుక్కుంటా ల్యాబుకే వచ్చేసినాడు. మనిషి ఒగురుస్తా ఉండాడు. "అమ్మణ్ణీ, మీ నాయనకు సామి కోపం తగిలింది. దొంగతనంగా తాగి ప్రమాణం తప్పినట్టుండాడు. ఒళ్ళంతా ఒకటే వణుకు. గోడ మీద ఎర్రచీమలు పాకతా ఉండాయంటాడు, యాడా లేవు. చెంబు కింద పడితే ఎగిరిపడతాడు. స్తంభానికి కట్టేసినాం. మంత్రగాడ్ని పిలిపించినాం. నువ్వు ఒకసారి మొగం చూసి పో" అన్నాడు.

చెంబు కింద పడితే అనే మాట వింటానే నా చేతిలో తాళాలు గల్లుమన్నట్టే అయింది. లోపలి గదిలో నుంచి సారు బయటికొచ్చినారు, పచ్చ వేళ్ళతోనే. అంతా విన్నట్టుంది. చిన్నాయన్ను ఒకటే అడిగినారు. "మానేసి ఎన్ని దినాలైందప్పా?"

"నేటికి మూడు దినాలు సామీ."

"పదమ్మా" అన్నారు నాతో.

ఆ దినం మాకు ఎలకల మెదళ్ళు తీసే దినం. వారాల తరబడి తాపిన ఎలకలు, ఐసు కూడా వచ్చేసుండాది. ఆ దినం తప్పితే ఆ పనంతా మళ్ళీ మొదటి నుంచి. నేను ఆ మాట అనబోతే సారు చెప్పులేసుకోని అప్పటికే మెట్లు దిగతా ఉండారు.

మేము పోయేసరికి మా వాకిట్లో ఊరంతా ఉండాది. వేపమండలు, పసుపు నీళ్ళు, పలక డప్పులు కొట్టేవాళ్ళు కూడా వచ్చి పలకలు మంట కాడ కాచుకుంటా ఉండారు. నాయన స్తంభానికి ఆనుకోని, చెమటలు కార్చుకుంటా, నన్ను చూసి ఎవరో అనుకోని మా అవ్వ పేరుతో పిలిచినాడు. నేను బావురుమన్నాను. సారు నేరుగా పలకలవాళ్ళ దగ్గరికి పోయినారు. "ముందు అది పక్కన పెట్టండప్పా. ఒక్క దెబ్బ కొట్టినా ఈయనకు మూర్ఛ వస్తాది" అన్నారు. తర్వాత మంత్రగాడికి దండం పెట్టి, "మీ పని మీరు తర్వాత చేసుకుందురు గానీ, ముందు కట్లు విప్పనీయండి" అన్నారు.

మా పెదనాయన ఊరుకోలేదు. "మీరెవరో పెద్దోళ్ళు, మాకు తెలీదు సార్. వీడు సామికిచ్చిన మాట తప్పినాడు. దొంగచాటుగా తాగినాడు. సామే పట్టించినాడు."

సారు గొంతు పెంచి మాట్లాడడం నేను విన్నది ఆ ఒక్క దినమే. "తాగినోడికి ఇట్ట రాదప్పా! ఇప్పుడు కూడా గుక్కెడు పోస్తే ఈ వణుకు తగ్గిపోతాది. ఆ సంగతి ఈయనకు మనకంటే బాగా తెలుసు. తెలిసి కూడా తాగలేదు. ఈ వణుకే మీకు సాక్ష్యం. ఈయన మాట తప్పలేదు. మాట నిలబెట్టుకున్నందుకే ఇట్టైపోయినాడు. ముప్పై ఏండ్లుగా ఎలకల్లో ఇదే చూస్తా ఉండాను."

మా అమ్మ నోట్లో కొంగు కుక్కుకోని ఏడ్చింది. నాయనకు ఆ మాటలు అర్థమైనాయో లేదో అప్పుడు తెలీలేదు. కట్లు విప్పినాక మాత్రం సారు పచ్చ వేళ్ళను గట్టిగా పట్టుకున్నాడు, వదల్లేదు.

"నేను ఎలకల డాక్టర్నే గానీ మనుషుల డాక్టర్ని కాను, బండి చూడండి" అని సారు తొందరపెట్టినారు. బెల్లం మూటలు మండీకి తీసకపోయే వ్యాను ఎదురైంది. మూటల మధ్య నాయన్ను పండుకోబెట్టి, సారే ఆయన తల ఒళ్ళో పెట్టుకోని, హారను శబ్దం వినపడకుండా తుండుగుడ్డ మడిచి రెండు చెవులకూ అదిమి పట్టుకోని, చిత్తూరు ఆసుపత్రి దాకా అట్టే కూర్చున్నారు. దారిలో ఒకసారి నాయనకు మూర్ఛ వచ్చింది. డాక్టర్లు మందిచ్చి, దినదినానికీ తగ్గించుకుంటా వచ్చినారు. ఒక గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని వాళ్ళే చెప్పినారు.

నాయన తేరుకున్నాక అడిగిన మొదటి మాట, "నేను మాట తప్పినానా?" అని. నేను సారు చెప్పింది చెప్పినాను. గోడ వైపు తిరుక్కోని శానాసేపు ఏడ్చినాడు.

నేను మళ్ళీ ల్యాబుకు పోయిన దినం తప్పుల పుస్తకంలో సారు చేతిరాత కొత్తగా కనిపించింది. "రెండేండ్లు ఈ అమ్మాయిని ఎలకల గురించే అడిగినాను. ఇంటి గురించి అడగలేదు. నా తప్పు." కింద సంతకం. దాని కింద నేను కూడా రాసినాను, "సారుకు చెప్పలేదు. నా తప్పు" అని. ఆ పేజీ గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పాడైన పనిని సారు మళ్ళీ మొదటి నుంచి చేసినారు, ఐసు మోసుకుంటా.

నాయన మళ్ళీ పెనం దగ్గరికి పోయినాడు. ప్రతి కాలంలోనూ మొదటి వంట బెల్లం అచ్చు తుండులో కట్టుకోని తిరుపతికి వచ్చేవాడు. సారు ఆ మూట ముట్టుకునే ముందు, "ఏదీ, చేతులు చాపన్నా" అనేవారు. నాయన బడిలో పిల్లోడి మాదిరిగా రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్ళు విడదీసేవాడు. సారు కండ్లద్దాలు సర్దుకోని, వణుకేమన్నా ఉందా అని ఆ వేళ్ళ కొసల్ని పట్టి పట్టి చూసేవారు. ఎవరు చూసినా నవ్వొచ్చే వేడుక. చూసి చూసి, "చాల్లే అన్నా, దించు" అనేవారు. అప్పుడు గానీ నాయన చేతులు దించేవాడు కాదు. ఆమీట ఇద్దరూ బెల్లం కొరుక్కుంటా, పాకం సంగతులు ఒకరు, మెదడు సంగతులు ఒకరు చెప్పుకునేవాళ్ళు.

అంతా సక్కగా జరిగిపోయిందంటే అబద్ధం. ఒక ఏడు నాయన మూట పట్టుకోని వచ్చినాడు గానీ, చేతులు చాపలేదు. మూటను గుండెకు అదుముకోని నిలబడినాడు. సారుకు అర్థమైపోయింది. "ఈ ఏడు బెల్లం బరువుగా ఉన్నట్టుండాదే, ఉండనీలే" అని కాఫీ తెప్పించినారు. తర్వాతి ఆదివారం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి మా పల్లెకు పోయి, గానుగ కాడ నాయన పక్కన కూర్చున్నారంట. "ఎలకకు సిగ్గు లేదన్నా, అందుకే బిరీన కోలుకుంటాది. నీకు సిగ్గు జాస్తి. పడితే పడినావు, మళ్ళీ మెల్లగా లేస్తాం, డాక్టరు కాడికి నేనూ వస్తా" అన్నారంట. నాయనే నాకు చెప్పినాడు. ఆ తర్వాత మళ్ళీ ముట్టలేదు.

ఫోను వచ్చిన దినం నేను చిత్తూరు నుంచి బస్సెక్కి నేరుగా మా గానుగ కాడికి పోయినాను. పెనం ఉడకతా ఉండాది. నాయన నా మొగం చూసి, "ఎవరు?" అన్నాడు. "సారు" అన్నాను. ఆయన పెనం వైపు తిరిగినాడు. పాకం ఇంత తీసి, నీళ్ళల్లో వేసి, వేళ్ళతో ఉండ చేసి చూసినాడు. ఇంకా కాలేదు. మళ్ళీ చూసినాడు. మూడోసారి, "దించండి" అన్నాడు. అది ఆరేదాకా పక్కనే కూర్చోని, మొదటి అచ్చు తుండులో కట్టుకోని, "పదమ్మా" అన్నాడు.

సారును ఇంటి ముందర వసారాలో పండుకోబెట్టుండారు. రిటైరైనా ఇంట్లో రెండు ఎలకలు పెట్టుకోనుండారంట, వేళ్ళు ఇంకా పచ్చగానే ఉండాయి. నాయన బెల్లం మూట ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, ఎదురుగా నిలబడి, రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్ళు విడదీసినాడు. వచ్చినోళ్ళకు ఏమీ అర్థం కాలేదు. ఎవరో భుజం పట్టుకోని పక్కకు జరపబోతే సారు భార్య, మేమంతా అమ్మా అని పిలిచే ఆమె, "ఆయన్ను అట్టే వదిలేయండి" అనింది.

నాయన చేతులు వణకతా ఉండాయి. ఆయన కూడా చూసుకున్నాడు. సారు మొగం వైపు తిరిగి, "ఇది అది కాదు సార్" అన్నాడు. "వినాయకుడి తోడు, ఇది అది కాదు."

చాల్లే అన్నా, దించు అని చెప్పేదానికి ఎవరూ లేరు. నాయన చేతులు చాపుకోని అట్టే నిలబడినాడు.